గోడ చెప్పే కథ, చూపరి చెప్పుకొనే కథ

పాళీ వినయపిటకంలోని చుల్లవగ్గంలో ఒక చిన్న నిషేధం ఉన్నది. కట్టుబాట్లను తరచు అతిక్రమించే ఆరుగురు భిక్షువుల వర్గం తమ విహారం గోడల మీద స్త్రీ పురుష రూపాలను చిత్రింపజేసుకొన్నదట. విహారం చూడవచ్చిన జనం, ఇది భోగులైన గృహస్థుల ఇల్లులాగా ఉన్నదే అని ఈసడించుకొన్నారట. ఆ మాట బుద్ధ భగవానుని చెవిని పడగా, అటువంటి చిత్రాలు కూడవని, పూలదండలు, లతలు, మకరదంతాల వరుస వంటి అలంకారాలు మాత్రం వేసుకోవచ్చునని ఆయన నియమించాడని అక్కడి కథనం.

ఈ నియమాన్ని మనసులో ఉంచుకొని అజంతా 17వ గుహలోకి అడుగుపెట్టినవారికి ఆశ్చర్యం కలగక మానదు. అది భిక్షువులు నివసించిన విహారమే. కాని అందులో గోడల నిండా మనుషులే: రాజులు, రాణులు, చామరధారిణులు, వర్తకులు, సైనికులు, యాచకులు, పిల్లలు. లతలూ మకరాలూ లేకపోలేదు. అవి కప్పుకూ స్తంభాలకూ పరిమితమైనాయి. వాకాటక చక్రవర్తి హరిషేణుని కాలంలో, క్రీ.శ. 5వ శతాబ్దిలో, ఆయన సామంతుడొకడు ఈ గుహను తొలిపించినట్లు వసారా గోడ మీది శాసనం తెలుపుతున్నది. అంతటి ధర్మకార్యంలో వినయ నియమాన్ని ఎట్లా దాటగలిగారు?

దీనికి శాస్త్రపరమైన సమాధానం సులభమే. ఉత్తర భారతంలో వ్యాప్తిలో ఉన్న మూలసర్వాస్తివాదుల వినయం విహార చిత్రాలను నిషేధించలేదు సరికదా, ఎక్కడ ఏ బొమ్మ వేయాలో చెప్పింది. ద్వారం వద్ద యక్షుడు, మండపంలో జాతక కథలు, ఇట్లా. నిషేధానికి కారణమైనది బొమ్మలోని మనిషి రూపం కాదనీ, ఆ రూపానికి వెనుక కథ లేకపోవడమేననీ ఈ రెండు వినయాలనూ కలిపి చదివినప్పుడు నాకు తోస్తున్నది. కథ లేని స్త్రీ రూపం కేవలం చూడదగిన వస్తువు. కథ ఉన్న స్త్రీ రూపం మద్రీదేవి కావచ్చు, యశోధర కావచ్చు. అయితే గోడ మీది రంగు తనంతట తాను ఆ తేడా చెప్పలేదు. చూపరికి కథ తెలిసి ఉండాలి. తెలియకపోతే?

దివ్యావదానంలో ఈ చిక్కును ముందే గుర్తించినవారి మాట ఒకటి ఉన్నది. మౌద్గల్యాయనుడు నరకాది లోకాలను తిరిగి చూసివచ్చి, అక్కడి ప్రాణుల బాధలను జనానికి వినిపించేవాడు. దారి తప్పిన శిష్యులను ఆయన వద్దకు తీసుకొనివచ్చి ఈ మాటలు వినిపించమని కోరేవారు ఎక్కువైనారు. ఒక్క మౌద్గల్యాయనుడు అన్నిచోట్లా ఉండలేడు గనుక, విహార ద్వారం వద్ద ఐదు గతులతో కూడిన సంసార చక్రాన్ని చిత్రించమని బుద్ధుడు ఆదేశించాడు. కళ్లారా చూసివచ్చిన సాక్షికి బదులుగా బొమ్మ వచ్చిందన్నమాట. కాని కథ అక్కడితో ఆగలేదు. వచ్చినవారు ఆ బొమ్మ ఏమిటని అడిగితే భిక్షువులు తమకు తెలియదన్నారు. అప్పుడు చక్రాన్ని విడమరచి చెప్పడానికి ఒక భిక్షువును నియమించవలసివచ్చింది. ఆ పనికి అసమర్థుని పెట్టగా, సమర్థునే పెట్టాలని మరొక నియమం చేయవలసివచ్చింది. 17వ గుహ వసారాలో ఎడమ కొసన అటువంటి చక్రం ఖండితరూపంలో నేటికీ కనబడుతుంది. దాని పక్కన నిలబడి వివరించే భిక్షువు మాత్రం లేడు.

ఈ వ్యాసంలో చెప్పదలచినదంతా ఆ లేని భిక్షువును గురించే అనవచ్చును.

బొమ్మకూ కథకూ ఉన్న సంబంధం మాటకూ కథకూ ఉన్న సంబంధం వంటిది కాదు. కథ చెప్పేవాడు ఒక మాట తరువాత మరొక మాట చెబుతాడు; వినేవాడికి ఆ వరుస తప్పించుకొనే వీలు లేదు. మన చేర్యాల పటం కూడా అంతే. కథకుడు పటాన్ని విప్పుకొంటూ పోతాడు, విప్పిన మేరకే కథ. పటం మీది గడుల వరుసే కాలక్రమం. పల్నాటిలోని గోలి స్తూపం నుంచి చెన్నై మ్యూజియానికి చేరిన శిలాపట్టిక మీద వెస్సంతర జాతకం ఇంచుమించు ఈ పద్ధతిలోనే పరచుకొన్నది. ఏనుగును దానమివ్వడం, బండిలో అడవికి బయలుదేరడం, పిల్లలను ఇచ్చివేయడం ఒకదాని పక్కన ఒకటి వస్తాయి. వెస్సంతరుడు మళ్లీ మళ్లీ కనిపిస్తాడు.

అమరావతి శిల్పి మరొక దారి తొక్కాడు. నాలాగిరి అనే మదగజాన్ని బుద్ధుడు శాంతింపజేసిన ఘట్టాన్ని ఒకే వర్తుల ఫలకంలో మలిచాడు. అది కూడా చెన్నైలోనే ఉన్నది. ఒక పక్క ఏనుగు మనుషులను తొక్కుతూ, తొండంతో విసురుతూ వీధిలోకి దూసుకువస్తుంది. మరొక పక్క అదే ఏనుగు బుద్ధుని ముందు మోకరిల్లి ఉంటుంది. రెండు ఏనుగుల మధ్య గీత లేదు, గోడ లేదు. ఇవి రెండు జంతువులు కావు, ఒకే జంతువు రెండు క్షణాలు అని తెలుసుకొనవలసినది చూపరే. అది తెలిసిన మరుక్షణం ఆ రెండింటి మధ్య జరిగినదాన్ని ఊహించక తప్పదు. శిల్పి చెక్కనిది, చెక్కలేనిది, ఆ మార్పే. మేడల కిటికీల నుంచి తొంగిచూస్తున్న జనాన్ని పైభాగాన మలచడంలో మరో నేర్పు ఉన్నది: మనం చూస్తున్నదాన్ని మనకంటె ముందే చూస్తున్నవారు ఫలకంలోనే ఉన్నారు. వారి భయం మన భయానికి దారి చూపుతుంది.

అజంతా చిత్రకారుని ముందు ఇంతకంటె పెద్ద గోడ ఉన్నది. 17వ గుహ మండపంలో కుడిగోడను చాలావరకు ఆక్రమించిన సింహలావదానం దీనికి మంచి ఉదాహరణ. సింహలుడనే వర్తకుడు అయిదువందలమంది వర్తకులతో సముద్రయానం చేసి, ఓడ పగిలి రాక్షసుల ద్వీపానికి చేరుకొంటాడు. అందగత్తెల రూపంలో ఉన్న రాక్షసులు వారిని భర్తలుగా చేసుకొంటారు. బలాహమనే తెల్లగుర్రం సాయంతో సింహలుడు బయటపడితే, ఒక రాక్షసి బిడ్డను చంకనెత్తుకొని వెంట వచ్చి, ఇతడు నన్ను విడిచిపెట్టాడని రాజు ముందు మొరపెట్టుకొంటుంది. రాజు సింహలుని హెచ్చరిక వినక ఆమెను అంతఃపురానికి తీసుకొంటాడు. ఆ రాత్రి రాజపరివారమంతా రాక్షసులకు ఆహారమైపోతుంది. తరువాత సింహలుడే రాజై, నావలలో ఏనుగులతో, గుర్రాలతో సైన్యాన్ని నడిపి ఆ ద్వీపాన్ని జయిస్తాడు.

ఈ కథను గోడ మీద చదవబోయినవారు తొలుత తికమక పడతారు. ఎడమ నుంచి కుడికనీ, పైనుంచి కిందికనీ నిర్ణీతమైన వరుస కనబడదు. కాలక్రమాన్ని బట్టి కాక స్థలాన్ని బట్టి అజంతా చిత్రకారులు దృశ్యాలను కూర్చారని డీటర్ ష్లింగ్‌లాఫ్, విద్యా దెహేజియా వంటి పండితులు చూపించారు. ద్వీపంలో జరిగినవన్నీ, అవి కథకు మొదటివైనా చివరివైనా, ఒకచోట. రాజనగరంలో జరిగినవన్నీ మరొకచోట. దెహేజియా 1990లో బౌద్ధశిల్ప చిత్రాలలోని కథన పద్ధతులను వర్గీకరించినప్పుడు దీనికి వలతో పోలిక తెచ్చింది. పోలిక బాగున్నది. వలకు మొదలు ఎక్కడ అని అడగలేము. ఎక్కడ పట్టుకొన్నా మిగతాదంతా కదులుతుంది.

ఇది చిత్రకారుని అలసత్వమనుకొనేవారు ఉన్నారు. నా అభిప్రాయం వేరు. ఈ గుహలలో వెలుతురు తక్కువ. వేసిననాడు కూడా దీపం పట్టుకొని నడుస్తూ చూడవలసిన బొమ్మలే ఇవి. దీపం ఎంతమేర పడితే అంత మేరే దృశ్యం. రాజాస్థానంలో బిడ్డతో నిలబడి మొరపెట్టుకొనే అందగత్తెను చూసి రెండడుగులు వేసేసరికి, అదే నగరంలో శవాలను పీక్కుతింటున్న రాక్షసులు వెలుతురులోకి వస్తారు. కథలో ఆ రెండింటి మధ్య రాజు మోహం, సింహలుని హెచ్చరిక, ఒక రాత్రి ఉన్నాయి. గోడ మీద ఉన్నది రెండడుగుల దూరమే. కథ తెలిసినవాడు వెనక్కి తిరిగి ఆ అందగత్తె ముఖాన్ని మరొకసారి చూస్తాడు. మాటలలో చెప్పే కథకుడు ఇట్లా వెనక్కి తిప్పలేడు.

దృశ్యానికీ దృశ్యానికీ నడుమ గీతలు గీయకపోయినా చిత్రకారుడు చూపరికి దారి లేకుండా చేయలేదు. రాజభవన స్తంభం, కోటగుమ్మం, పలకలు పలకలుగా పేర్చినట్లుండే కొండరాళ్లు హద్దులుగా పనిచేస్తాయి. అంతకంటె సూక్ష్మమైనది ముఖాల మళ్లింపు. ఒక దృశ్యం అంచున నిలిచిన పరిచారిక తల మాత్రం పక్క దృశ్యం వైపు తిరిగి ఉంటుంది. మన చూపు ఆమె చూపు వెంట పోతుంది.

ఇక విశ్వంతరుని కథకు వద్దాం. పాళీ జాతకాలలో చివరిదైన ఈ కథ, 547వది, బౌద్ధలోకమంతటా ప్రసిద్ధం. రాజ్యానికి వర్షాలు తెచ్చే తెల్లయేనుగును కళింగ బ్రాహ్మణులకు దానమిచ్చినందుకు రాజకుమారుడు దేశబహిష్కృతుడౌతాడు. 17వ గుహ వసారాలో ఒక రాజదంపతుల దృశ్యం ఉన్నది. ఆమె అతని మీదికి ఒరిగి కూర్చున్నది, పరిచారిక పానపాత్రతో నిలిచి ఉన్నది. చాలాకాలం దీన్ని ప్రణయ దృశ్యంగానే వర్ణించారు. తాను వెళ్లగొట్టబడిన సంగతిని విశ్వంతరుడు మద్రీదేవికి చెబుతున్న ఘడియ అని తెలిసిన తరువాత ఒరిగిన ఆ శరీరానికి అర్థం మారిపోతుంది. గీత మారలేదు, రంగు మారలేదు.

లోపల ఎడమగోడ మీద కథ కొనసాగుతుంది. అడవిలో జూజకుడనే ముసలి బ్రాహ్మణుడు వచ్చి పిల్లలిద్దరినీ దానమడుగుతాడు, తండ్రి ఇచ్చివేస్తాడు. ఈ జూజకుని చిత్రించడంలో అజంతా కళాకారుడు చూపిన ఉత్సాహం చెప్పనలవి కాదు. ఊడిన పళ్ల సందులు, మేకగడ్డం, లోభం నిండిన కళ్లు. తాత సంజయ మహారాజు పిల్లలను విడిపించుకొనడానికి ధనమిస్తుంటే ఆ ముఖంలో విరిసిన ఆనందం హాస్యం పుట్టిస్తుంది. కాని ఈ హాస్యం ఒక ప్రశ్నను కప్పిపెడుతున్నదా అని నాకు సందేహం. పిల్లలను మరొకరికి ఇచ్చివేసే హక్కు తండ్రికి ఎక్కడిది? ఇది ఈనాటి ప్రశ్న కాదు. మిళిందపఞ్హలో యవనరాజు మిళిందుడు నాగసేన స్థవిరుని ఈ ప్రశ్నే అడిగాడు: ఇతరులకు దుఃఖం కలిగించే దానం పుణ్యమెట్లా అవుతుందని. నాగసేనుడు ఉపమానాలతో సమాధానమిచ్చాడు. చిత్రకారునికి ఉపమానాలు చెప్పే వీలు లేదు. అతడు పిల్లల ముఖాలు వేయక తప్పదు. ముఖం వేసిన తరువాత చూపరి ఎవరి పక్షం వహిస్తాడో అతని చేతిలో లేదు. దానపారమితను కీర్తించడానికి మొదలుపెట్టిన బొమ్మ, ఆ పారమితకు చెల్లించిన మూల్యాన్ని కూడా చూపెడుతుంది. ధర్మోపదేశానికి ఇది లోపమని నేననుకోను. ఉపన్యాసంలో దాటవేయదగిన ప్రశ్నను గోడ దాటవేయనివ్వదు.

కథ తెలియని చూపరి ఏమి చేస్తాడు? బొమ్మను చూసి ఊరుకోడు. తన కథ ఒకటి అల్లుకొంటాడు. 16వ గుహలో హరిషేణుని మంత్రి వరాహదేవుని శాసనం ఉన్నది. ఆ గుహలోని ఒక చిత్రానికి లోకంలో నిలిచిపోయిన పేరు 'మరణిస్తున్న రాకుమారి'. తల వాలి, కళ్లు అరమూతలు పడి, అవయవాలు వశం తప్పిన ఒక రాజస్త్రీ. వెనుక నుంచి ఒక చెలికత్తె పట్టుకొన్నది, మరొకతె చేయి పట్టుకొని ఆత్రంగా ముఖంలోకి చూస్తున్నది, ఇంకొకతె వీస్తున్నది. బొంబాయి కళాపాఠశాలకు చెందిన జాన్ గ్రిఫిత్స్ తన శిష్యులతో 1872 నుంచి ఈ గుహలలో ప్రతికృతులు వేయించాడు. ఆయన ఈ చిత్రంలోని కరుణకు ముగ్ధుడై ఎంతో ప్రశంసించాడు. ప్రశంస తప్పు కాదు. కాని ఆమె మరణించడం లేదు.

ఆమె సుందరి; బుద్ధుని తమ్ముడైన నందుని భార్య. అశ్వఘోషుని సౌందరనందం చదివినవారికి ఆ సందర్భం గుర్తుండే ఉంటుంది. ఆమె ముఖాన దిద్దుకొంటున్న పత్రరచన తడి ఆరకముందే వచ్చేస్తానని చెప్పి నందుడు అన్నగారికి నమస్కరించడానికి వెళ్లాడు. అన్న తన భిక్షాపాత్రను అతని చేతిలో పెట్టాడు. ఆ పాత్రను తిరిగి తీసుకొనమని అడగలేక నందుడు విహారం దాకా నడిచాడు, ఇష్టం లేకనే శిరోముండనం చేయించుకొన్నాడు. అజంతా చిత్రంలో సేవకుడొకడు చేత పట్టుకొని నిలిచిన కిరీటాన్ని గమనించాలి. నందుడు ఇక రాడనడానికి అదే వార్త. తల లేని కిరీటం ఇంటికి వచ్చింది.

పేరు తప్పైనంత మాత్రాన ఏమి నష్టం, కరుణ కలిగింది కదా అని అనవచ్చు. ఆ కరుణ వేరు. మరణిస్తున్న రాకుమారిని చూసి జాలిపడితే చాలు. ఆమె ఎవరినీ ఏమీ అడగదు. సుందరి అడుగుతుంది. ఈ చిత్రం ఉన్న మండపం చుట్టూ భిక్షువుల గదులున్నాయి. ఆ గదులలో పడుకొన్న ప్రతివాడూ ఏదో ఒక ఇంటిని విడిచి వచ్చినవాడే. తెల్లవారి తలుపు తీసి మండపంలోకి రాగానే, విడిచి వచ్చిన ఇంట్లో ఆ రోజు ఏమి జరిగి ఉంటుందో చూపే బొమ్మ ఎదురయ్యేది. నందుని వైరాగ్యాన్ని కీర్తించే కథలో సుందరి మూర్ఛకు ఇంత చోటు ఇవ్వవలసిన అవసరం లేదు. చిత్రకారుడు ఇచ్చాడు, సంఘం అంగీకరించింది. ఆ సంఘాన్ని గురించి ఈ ఒక్క అంగీకారం చాలా సంగతులు చెబుతున్నది. పేరు మార్చి చూసినంతకాలం అవేవీ మనకు వినబడలేదు.

తప్పుడు కథ చరిత్రను కూడా తప్పుదారి పట్టించగలదు. 1వ గుహలో విదేశీ వేషధారులు రాజుకు కానుకలు సమర్పిస్తున్న దృశ్యాన్ని జేమ్స్ ఫెర్గుసన్ 1879లో పారశీక చక్రవర్తి ఖుస్రూ పంపిన రాయబారం చాళుక్య రెండవ పులకేశి కొలువుకు వచ్చిన సంఘటనగా వ్యాఖ్యానించాడు. దాన్నిబట్టి గుహ కాలం 7వ శతాబ్దికి జరిగింది. తరువాతి పరిశోధకులు ఆ చిత్రం బౌద్ధ కథలోని దృశ్యమేనని, గుహ వాకాటక కాలానిదేనని చూపినా, పర్యాటకులకు పాత మాట చెప్పేవారు నేటికీ దొరుకుతారు.

మళ్లీ 17వ గుహకే పోదాం. మండపం దాటి గర్భగృహానికి పోయే అంతరాళంలో ఒక చిత్రం ఉన్నది. బుద్ధత్వం పొందిన తరువాత కపిలవస్తుకు తిరిగివచ్చిన శాక్యముని భిక్షాపాత్రతో నిలబడి ఉన్నాడు. ఆయన రూపం గోడ ఎత్తునా సాగింది. ఎదుట, ఆయన మోకాళ్ల ఎత్తుకు కొంచెం మించి, యశోధర. ఆమె ముందు రాహులుడు. తల్లి పిల్లవాణ్ణి మెల్లగా ముందుకు తోస్తున్నది. ఇద్దరి ముఖాలూ పైకెత్తి ఉన్నాయి.

మండపంలోని గుంపులు, భవనాలు, ఏనుగులు ఇక్కడ లేవు. ముగ్గురే. కథ మాత్రం పెద్దది. ఆ సన్న్యాసి నీ తండ్రి, పోయి వారసత్వం అడుగు అని తల్లి చెప్పి పంపింది. పిల్లవాడు అడిగాడు. తండ్రి ఇచ్చిన వారసత్వం ప్రవ్రజ్య. కొడుకును, రెండవ కొడుకును పోగొట్టుకొన్న శుద్ధోదనుడు మనవడు కూడా పోయాడని విని, ఇకమీదట తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఏ బిడ్డకూ ప్రవ్రజ్య ఇవ్వవద్దని వేడుకొన్నాడు; బుద్ధుడు దాన్ని వినయ నియమం చేశాడు. మహావగ్గంలో ఈ వృత్తాంతమున్నది. ఒక తాత దుఃఖం సంఘశాసనమైన సందర్భమిది.

చిత్రకారుడు ఇందులో ఏ ఒక్క ఫలితాన్నీ వేయలేదు. పిల్లవాడు అడుగుతున్న క్షణం వద్ద ఆపేశాడు. ఇంకా ఏదీ జరగలేదు. కథ తెలిసినవాడు జరగబోయేదాన్ని ఆపలేడు, తెలియనివాడు ఒక తల్లినీ బిడ్డనూ మాత్రం చూస్తాడు. ఆకారాల పరిమాణంలోని తేడా గౌరవసూచకమని శాస్త్రం చెబుతుంది, నిజమే. అయితే కింద నిలబడి తలెత్తి చూసే మనం ఆ పిల్లవాడి ఎత్తు నుంచే చూస్తున్నాం. ఈ గోడ మనల్ని కూడా ఆ ఇద్దరి సరసన నిలబెట్టింది.

అజంతా బొమ్మలు తడి సున్నం మీద వేసినవి కావు. రాతి మీద బంకమట్టి, పొట్టు, నార కలిపిన పూత, దానిపైన పలుచని సున్నపు పొర, ఆరిన తరువాత జిగురుతో కలిపిన ఖనిజ వర్ణాలు. ఆ పూత ఊడితే కథ ఊడుతుంది. 1819లో మద్రాసు సైన్యానికి చెందిన జాన్ స్మిత్ ఈ లోయను చూసిన నాటి నుంచి నష్టం వేగం పెరిగింది. రాబర్ట్ గిల్ ఏళ్ల తరబడి వేసిన ప్రతికృతులలో అధికభాగం 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో కాలిపోయాయి. గ్రిఫిత్స్ బృందం వేసినవాటిలో చాలా 1885లో మరొక అగ్నిప్రమాదానికి గురైనాయి. అజంతా అప్పట్లో హైదరాబాదు సంస్థానంలో ఉండేది. నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖాధిపతి గులాం యజ్దానీ 1920 దశకం తొలి ఏళ్లలో ఇటలీ నుంచి నిపుణులను రప్పించి పూతను నిలబెట్టించాడు. 1930 నుంచి 1955 వరకు అజంతా చిత్రాల సంపుటాలు వెలువరించాడు. రక్షణకై నాడు పూసిన లక్కపూత కాలక్రమాన పసుపెక్కి, దాన్ని తొలగించే పని తరువాతివారి మీద పడింది.

1909-11 మధ్య లేడీ హెరింగ్‌హామ్ చేపట్టిన ప్రతికృతుల పనిలో నందలాల్ బోస్, అసిత్ హల్దార్‌లతో పాటు హైదరాబాదు చిత్రకారుడు సయ్యద్ అహ్మద్ కూడా పాల్గొన్నాడు. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో అజంతా ప్రతికృతులకు ప్రత్యేక మందిరం ఉన్నది. మూలంలో మాసిపోయిన గీత ప్రతికృతిలో మిగిలి ఉండవచ్చు; అట్లాగే ప్రతికృతి వేసినవాడు కథ తెలియక సవరించిన గీత కూడా ఉండవచ్చు. అందువల్ల పరిశోధకులు రెంటినీ పక్కపక్కన పెట్టుకొని, చేతిలో జాతకమాల ఉంచుకొని చూస్తారు. 2వ గుహలో క్షాంతివాది చిత్రం వద్ద ఆర్యశూరుని జాతకమాలలోని శ్లోకాలనే గోడ మీద రాశారు. వివరించే భిక్షువు లేని వేళకు చేసిన ఏర్పాటు కావచ్చునది. అయితే ఆ అక్షరాలను చదవాలన్నా దీపం దగ్గరగా పట్టాలి.